నల్లరేగడిలో నన్ను మోసిన బండ్లు



గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలలో పశువైద్యుడనై ఉద్యోగజీవితమంతయు గడిపిన నాకు, ఆ వృత్తిని సాగనిచ్చిన సాధనములలో అగ్రగణ్యమైనది ఏదని ఎవరైన అడిగినచో, సూదిమందులకన్నను, శస్త్రములకన్నను ముందుగా మోటారుసైకిలునే పేర్కొందును. జబ్బుపడిన మనిషిని మంచముమీద మోసికొనియైనను పట్టణమునకు చేర్చవచ్చును గాని, కాలు కదపలేక కొట్టములో కూలబడిన ఎద్దును ఎవరు ఎక్కడికి చేర్చగలరు? వైద్యుడే దానియొద్దకు పోవలెను; పోవలసిన చోటు డొంక చివరనున్నను, వేళ అర్ధరాత్రమైనను, వాన కురియుచున్నను పోవలెను. అట్లు పోయినపుడెల్ల నాకు తోడైన నాలుగు బండ్లను గూర్చి, వాటిపై నాకు కలిగిన మమకారము ఎక్కడనుండి పుట్టినదో ఆ సంగతిని గూర్చి, ఈ కొద్ది నిమిషములలో మీతో ముచ్చటింపదలచితిని.

ముందుగా ఆ నేల ఎట్టిదో చెప్పవలెను. గుంటూరు దాటి చిలకలూరిపేట మీదుగా మార్టూరు, అద్దంకి వైపునకు పోయినను, ప్రత్తిపాడు, పెదనందిపాడు మీదుగా పర్చూరు, ఇంకొల్లు వైపునకు తిరిగినను, కనుచూపు మేర పరచుకొనియుండునది నల్లరేగడియే. వేసవిలో అది చేయి దూరునంతటి నెర్రెలు విచ్చును. తొలకరి పడినదా, నడిచెడి మనిషి కాలిచెప్పును ఊడబెరుకును. పత్తికిని, మిరపకును అంత అనుకూలమైన మట్టి అరుదు. చక్రమునకు అంత ప్రతికూలమైన మట్టియు అరుదే. 1967 ఆగస్టులో నాగార్జునసాగరు కుడికాలువకు నీరు వదలిన తరువాత ఆ కాలువ క్రింది ఊళ్ళలో పైర్ల వరుస మారినది; 1972లో ధార్వాడ పరిశోధకులు విడుదలచేసిన వరలక్ష్మి అను సంకర పత్తి ఈ ప్రాంతమునకు ప్రాకిన పిమ్మట రైతు చేతిలో రొక్కము ఆడసాగినది. అంతవరకు ఏ మునసబుగారికో, ఏ పొగాకు వ్యాపారికో తప్ప లేని మోటారుసైకిలు, గూడుబండ్లు నిలిచెడి చావిడి ముందర తానును వచ్చి నిలువజొచ్చెను. తిరుపతి పశువైద్య కళాశాలలో పట్టా పుచ్చుకొని నేను పర్చూరు ప్రాంతమునకు ఉద్యోగినై వచ్చినది ఆ సంధికాలముననే. ఒంగోలు ముఖ్యపట్టణముగా 1970లో ఏర్పడిన కొత్త జిల్లాకు ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టుట కూడ ఆ 1972లోనే జరిగినది.

నా మొదటి బండి జావా. చెకోస్లొవేకియా దేశమున రూపొందిన ఆ యంత్రమును 1960 దశకపు ఆరంభమునుండి మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారమున తయారుచేయుచుండిరి. 1973 మొదలుకొని ఆ వంశమునకే యెజ్డీ అను పేరు వచ్చినది. నేను కొన్నది అంతకు పూర్వపుది; గుంటూరులో ఒక పొగాకు వ్యాపారి కొన్నాళ్ళు వాడి అమ్మినది. ముదురు ఎరుపు రంగు, టాంకుకు ఇరుప్రక్కల మెరసెడి క్రోమియం పలకలు, ఒక్క సిలిండరునకే కుడియెడమల రెండు పొగగొట్టములు, పెట్రోలులో నూనె కలిపి పోయవలసిన 250 సీసీల టూ స్ట్రోక్ ఇంజను. కాలితో గేరు మార్చెడి కడ్డీనే లోనికి నొక్కి వెనుకకు త్రిప్పినచో అదియే కిక్కుకడ్డీ యగుట చూచి, బండి చుట్టును మూగిన పిల్లలు ప్రతి ఊళ్ళోను ఆశ్చర్యపడుచుండిరి. ఒక్క కడ్డీచేత రెండు పనులు చేయించిన ఆ శిల్పి ఎవరో గాని, ఆతని పొదుపరితనమును నేను నిత్యము మెచ్చుకొనుచుంటిని.

అయితే ఆ శిల్పి మన రేగడిని కలనైనను చూచి యుండడు. శ్రావణ భాద్రపదములలో డొంక తడిసినపుడు, చక్రమునకు అంటుకొన్న మట్టి మడ్గార్డు క్రింద దట్టముగా పేరుకొని, కొంత దూరము పోవుసరికి చక్రము తిరుగుట మాని ఈడ్చుకొని వచ్చెడిది. అప్పుడు బండిని చేని గట్టుకు ఆనించి, ఒక కందికట్టె విరిచికొని, మడ్గార్డు సందులోని మట్టిని పొడిచి పొడిచి రాల్చి, మరల ఎక్కి, మరల దిగి, ఆ విధముగా ఊరు చేరవలసియుండెను. చిలకలూరిపేటలో ఒక వృద్ధుడైన మేస్త్రీ నా అవస్థ విని, మడ్గార్డును పట్టియుంచెడి బోల్టుల క్రింద మందపాటి వాషర్లు పేర్చి, దానిని రెండంగుళములు పైకి లేపెను. అంతటితో ఆ బండి మా నేలకు అలవడినది. చెకోస్లొవేకియాలో తలపెట్టి, మైసూరులో పోతపోసి, చిలకలూరిపేటలో ముగించిన యంత్రమది. ఆ మూడవ పని లేనిదే మొదటి రెండును నాకు ఉపయోగపడియుండెడివి కావు.

ఆ మేస్త్రీయే నాకు యంత్రమును చూచుట నేర్పిన గురువు. ఒకసారి బండి బలము తగ్గి, మూటబరువునకే మూలుగసాగగా, ఆయన పొగగొట్టముల తోకలు విప్పి, లోపలినుండు చిల్లుల గొట్టములను వెలికి లాగెను. కాలిన నూనె మసి చిల్లులన్నిటిని పూడ్చివేసి, గొట్టము నల్లని కర్రవలె ఉండెను. ఆయన పెరటిలో పత్తికట్టె రాజేసి, వాటిని ఆ మంటలో ఎర్రబడునంతవరకు కాల్చి, రాతిమీద తట్టుచు, "డాక్టరుగారూ, గొంతు పూడుకుపోతే ఎద్దయినా ఊపిరి తీస్తదా? దీనికీ అంతే. ముందు ఊపిరి ఎట్టా ఆడతందో చూడండి, తరవాతే మందు" అనెను. పశువు నోరు విప్పి బాధ చెప్పుకొనలేదు గనుక, దాని ఊపిరిని, నడకను, నెమరును చూచి రోగము నిర్ణయింపవలెనని కళాశాలలో నేను నేర్చినదే ఆయన నాకు మరల బోధించెను. నాటినుండి నేను బండి ఎక్కునపుడు శబ్దమును వినుట, దిగిన తరువాత ప్లగ్గు రంగును చూచుట, ఎడ్ల కాడిని సరిచూచుకొనెడి రైతు శ్రద్ధతో చైను బిగువును చేతితో తడవి చూచుట అలవరచుకొంటిని.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనను దివిసీమ ఉప్పెన యని లోకము వ్యవహరించినను, బాపట్ల, రేపల్లె ప్రాంతములు కూడ ఆనాడు చెప్పనలవికాని దుఃఖము ననుభవించెను. వేలాది మనుష్యులతోపాటు లెక్కలేనన్ని పశువులు మడిసినవి. బ్రతికిన వాటికి టీకాలు వేయుటకై పరిసర ప్రాంతముల పశువైద్యులతోపాటు నేనును పోతిని. రోడ్లకు అడ్డముగా తాటిచెట్లు, తుమ్మలు పడియుండుటచే జీపు సాగదు; నడచిపోయినచో మంచుపెట్టెలోని మందు పాడగును. టీకాల పెట్టెను వీపునకు కట్టుకొని, పడిన చెట్టు ఎదురైనపుడెల్ల ఊరివారు ఇద్దరు ముందును, ఇద్దరు వెనుకను పట్టి జావాను ఎత్తి అవతల పెట్టగా, నేను ఊరూర తిరిగితిని. ఇల్లు పోయినవారు, బిడ్డలను పోగొట్టుకొన్నవారు, మిగిలిన ఒక్క గేదె కొరకు ఆ బండిని భుజములపై మోసిరి. యంత్రము మనిషిని మోయుట సామాన్యము; మనుష్యులు యంత్రమును మోసిన ఆ దినములను తలచినపుడు, దానిని నేను సొంత సొత్తుగా ఎన్నడును భావింపలేకపోతిని. అది ఆ ఊళ్ళన్నిటి ఉమ్మడి బండి.

జావా తరువాత నాకు దక్కినది బుల్లెట్టు. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున పుట్టిన ఆ బండిని మన సైన్యము కోరి తెప్పించుకొనగా, 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి, తిరువొత్తియూరు కర్మాగారమున దానిని తయారుచేయ మొదలిడెను. పుట్టినింట దాని మూలసంస్థ మూతపడిన తరువాత కూడ మద్రాసులో ఆ బండి నిరాఘాటముగా పుట్టుచునే యుండెను. 346 సీసీల ఒంటి సిలిండరు, ఫోర్ స్ట్రోక్ ఇంజను. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. దానిని లేపుట ఒక విద్య. మొదట కిక్కును మెల్లగా అదుముచు, దీపపు గూటిమీది ఆమీటరు ముల్లును గమనింపవలెను. పాయింట్లు కలిసియున్నంతవరకు ఒకప్రక్కకు వాలియుండెడి ఆ ముల్లు, అవి విడివడుటతోడనే నడిమికి వచ్చి నిలుచును. పిస్టను పైకొసకు చేరినదని దానివలన తెలియును. అపుడు ఎడమచేతి క్రింది చిన్నమీట నొక్కి లోపలి ఒత్తిడిని వదలి, కిక్కును ఒకింత జరిపి, మీట విడిచి, కిక్కును పైకి రానిచ్చి, ఒడలి భారమంతయు వేసి ఒక్క త్రొక్కు త్రొక్కవలెను. తొందరపడువానికి అది లొంగదు. బలవంతునికంటె తెలిసినవానికే అది లేచును. ముల్లును చూడనేర్చిన బక్కపలుచని కంపౌండరు ఒకడు, ఊరి పహిల్వాను చెమటలు గ్రక్కినను లేవని బుల్లెట్టును ఒక్క త్రొక్కున లేపుట నేను కన్నులార చూచితిని.

అద్దంకి ప్రాంతమున పనిచేయుచుండిన దినములలో, ఒక రాత్రి గుండ్లకమ్మ ఆవలి పల్లెనుండి ఒక పెద్ద రైతు సైకిలుమీద వచ్చి తలుపు తట్టి, "అయ్యా, ఆవు పొద్దుటినుంచీ నొప్పులు పడతంది, దూడ రావట్లేదు, మీరొచ్చి ఓసారి చూడాలయ్యా" అని బావురుమనెను. సైకిలును మా వాకిట వదలి, ఆయనను వెనుక కూర్చుండబెట్టుకొని పోతిని. తొలిచూలు ఆవు, దూడ తల వెనుకకు మడుచుకొని యుండెను. కొట్టములోని లాంతరు వెలుతురు చాలదు. బండిని గుమ్మమువైపునకు త్రిప్పి, ఇంజనును నెమ్మదిగా ఆడుచుండనిచ్చి, ఆ దీపపు వెలుతురున చేతికి సబ్బునీరు రాచికొని, దూడ దవుడను వ్రేళ్ళతో పట్టి, నొప్పి నొప్పికి నడుమ తలను ముందుకు మలచుచు, చాలసేపు పెనగితిని. ఇంజను తడవ తడవకు కొట్టెడి ఆ ధ్వని ఒక్కటే ఆ కొట్టములో వినవచ్చుచుండెను, ఆవు బెదరలేదు. తెల్లవారకముందే దూడ నేలకు దిగినది. తల్లి నాకుచుండగనే లేవబోయి పడి, మరల లేచినది. ఆ రైతు నాకు దండము పెట్టి, పిదప బండియొద్దకు పోయి దాని టాంకును ఎద్దు మూపురమును నిమిరినట్లు నిమిరి, "ఈ బండి సద్దు ఊరి బయట వినపడితే చాలు, మాకు పానం లేచొస్తదయ్యా" అనెను. నా వృత్తిలో నేను పొందిన సన్మానములలో ఆ మాటను మించినది లేదు. అందులో సగము బుల్లెట్టునకు చెందినదే.

మూడవది రాజదూత్. పోలండు దేశపు నమూనాననుసరించి ఎస్కార్ట్స్ వారు ఫరీదాబాదులో తయారుచేసిన 175 సీసీల బండి అది. 1973లో వచ్చిన బాబీ చలనచిత్రమున నాయికానాయకులు ఎక్కిన చిన్న రాజదూత్ పట్టణపు యువకుల మనస్సు దోచినది గాని, పల్లెలో పేరు గాంచినది మాత్రము పెద్దదే. దానికి జావా సొగసు లేదు, బుల్లెట్టు గాంభీర్యము లేదు. బరువు మోయుట ఒక్కటే దానికి తెలిసిన విద్య. వడ్లమూడి సంగం డెయిరీకి పాలు పంపెడి కేంద్రములకు, ఇరుప్రక్కల పాల క్యాన్లు వ్రేలాడగట్టికొని తెల్లవారుజామున బారులుగా పోయెడివి అవియే. పురుగుమందు డబ్బాలు, స్ప్రేయరు, పచ్చిగడ్డి మోపు, సంతలో కొన్న మేకపిల్ల, అన్నిటికిని దాని వీపుమీద చోటుండెను. కల్లములలో మిరపకాయలు ఎర్రగా ఆరుచున్న మాఘఫాల్గుణములలో, గుంటూరు మిరపయార్డుకు టిక్కీలనబడు బస్తాలు లారీలమీద తరలిన వెనుక, ధర తెలిసికొనుటకు రైతు పరుగెత్తినది రాజదూత్ మీదనే. కోటప్పకొండ తిరునాళ్ళకు ఊళ్ళనుండి ప్రభలు కదలునపుడు, వాటి వెంట నీళ్ళబిందెలు, ప్రసాదపు గంపలు కట్టికొని అవియే సాగుచుండెను. శివరాత్రినాడు పశువుల శిబిరమునకు మందులపెట్టెతో నేను పోయినదియు దానిపైననే.

1980 దశకపు ఉత్తరార్ధమున తెల్లదోమ వచ్చి పత్తిని తుడిచిపెట్టినది. ఒక మందు పనిచేయలేదని మరియొకటి, అదియు పనిచేయలేదని ఇంకొకటి కొట్టి, అప్పుల పాలైన రైతులు, ప్రకాశం జిల్లాలో ముఖ్యముగా, ఆ పురుగుమందునే త్రాగి ప్రాణములు విడిచిన వార్తలు దినదినము వినవచ్చుచుండెను. ఆ కాలమున ఊళ్ళలోని చావిళ్ళ ముందు బండ్లు ఒకటొకటిగా మాయమైనవి. వడ్డీవ్యాపారి తోలుకొనిపోయినవి కొన్ని, అయినకాడికి అమ్మినవి కొన్ని. మార్టూరు ప్రాంతపు రైతు ఒకడు నన్ను పిలిపించి, తన రాజదూత్ అమ్మగా వచ్చిన రూకలతో రెండెడ్లకును దాణా కొంటినని, అవి నీరసించకుండ ఏమి పెట్టవలెనో చెప్పుమని అడిగెను. మరుసటి ఏడు ఆ ఎడ్లతోనే కౌలుకు తీసికొని శనగ వేసి, ఆతడు నిలద్రొక్కుకొనెను. బండిని అంత ప్రేమించిన మనిషి దానిని విడుచుటకును వెనుదీయకపోవుట చూచి, సొత్తుపై మమకారమునకును, జీవముపై మమకారమునకును గల తారతమ్యమును నేను గ్రహించితిని.

నాలుగవది, ఉద్యోగవిరమణవరకు నాతో వచ్చినది, హీరో హోండా. హర్యానాలోని ధారుహేరాలో 1985లో మొదలైన సీడీ 100 అను ఆ బండి, 97 సీసీల చిన్న ఫోర్ స్ట్రోక్ ఇంజనుతో లీటరునకు 80 కిలోమీటర్లు పోవునని తయారీదారులు చాటగా విని, మొదట నమ్మనివారు పిదప దానినే కొనిరి. అదే ఏట వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100 వేగముతో యువకుల నాకర్షింపగా, సంసారులు హీరో హోండాను ఇంటికి తెచ్చుకొనిరి. నూనె కలుపుట లేదు, మసి కాల్చుట లేదు, ముల్లు చూచుట లేదు. ఇంజను విప్పవలసిన అవసరమే అరుదుగా వచ్చును. జీతగాడు, కౌలుదారు, గ్రామసేవకుడు కూడ బండి కొనగలిగినది దానివలననే. ప్రసవవేదన పడెడి ఇల్లాలిని వేళకు నరసరావుపేట ఆసుపత్రికి చేర్చినది, పిల్లవానిని పరీక్షవేళకు బడిముందు దింపినది అదియే. అంతటి ఉపకారిని తక్కువచేసి మాట్లాడుట అధర్మము. విప్పిచూచుటకు అవకాశమీయని ఆ బండిని కూడ, ప్రతి ఆదివారము తుడుచుచు, చైనుకు నూనె వేయుచు, నేను ముందటి మూటితో సమానముగనే ఆదరించితిని.

ఈ నాలుగింటిని తలచునపుడెల్ల నాకొక విషయము స్ఫురించును. మన ఒంగోలు జాతి పశువులను సముద్రము దాటించి బ్రెజిలు దేశమునకు కొనిపోగా, అక్కడి గడ్డి మేసి, అక్కడి ఎండకు అలవడి, అవి నెలోర్ అను పేర ఆ దేశపు మాంసపశువులలో సింహభాగమైనవి. ఆ జాతిని నేడు బ్రెజిలు రైతు పరాయిదని తలపడు; తలపవలసిన పనియు లేదు. అట్లే చెకోస్లొవేకియా, ఇంగ్లండు, పోలండు, జపాను దేశములలో ఊహింపబడిన యంత్రములు మైసూరు, మద్రాసు, ఫరీదాబాదు, ధారుహేరాలలో రూపు దాల్చి, మన డొంకలలో పడి, మన మేస్త్రీల చేతులమీదుగా మన నేలకు తగినట్లు మారి, మనవైనవి. పుట్టుక ఎక్కడిదైనను, పోషించినవానిదే బంధుత్వము. మడ్గార్డు క్రింద వాషరు వేసిన చేతికి, ప్లగ్గు మసి గీకిన చేతికి, పాయింట్ల సందును చూచి సరిచేసిన చేతికి ఆ బండిపై కలిగిన హక్కు, కేవలము వెల చెల్లించినవానికి కలుగదు. నా మమకారము పుట్టినచోటు అదియే. వాటి అందముచేత గాని, వేగముచేత గాని కాదు. వాటికి నేను చేసిన పరిచర్యచేతనే అవి నాకు ప్రియమైనవి. లాం పశుపరిశోధన క్షేత్రమున ఒంగోలు జాతిని కాపాడుటకై శ్రమించెడివారిని చూచినపుడు కూడ నాకు ఇదే తోచును: చాకిరి చేయనివానికి ప్రేమ నిలువదు.

కనుక ఈ తరపు యువకులకు నా విన్నపమొకటి. మీరెక్కు బండి ఎంత కొత్తదైనను, దాని లోపల ఏమి జరుగుచున్నదో కొంత తెలిసికొనుడు. చక్రము విప్పుట, చైను బిగించుట, ప్లగ్గు మార్చుట మీ చేతులతో ఒకసారి చేసి చూడుడు. నేడు విద్యుత్తుతో నడిచెడి బండ్లు వచ్చినవి. వాటికిని బేరింగులున్నవి, బ్రేకులున్నవి, శ్రద్ధ కోరెడి అంగములు అనేకమున్నవి. మన పట్టణములలో చెట్టుక్రింద పానాల పెట్టె పెట్టుకొని కూర్చుండెడి వృద్ధ మేస్త్రీలయొద్ద, ఏ గ్రంథమునను లేని పరిజ్ఞానమున్నది. వారు జీవించియుండగనే వారి ప్రక్కన కూర్చుండి దానిని అందుకొనుడు. నా బుల్లెట్టు నేటికిని మా ఇంట నడుచుచున్నది. నా మనుమరాలు దానిని నేర్పుమని అడుగగా, మొదటిపాఠముగా ఆమెకు పానా చేతికిచ్చి, పాయింట్ల మూత విప్పుటనే నేర్పితిని. ముల్లు చూచి ఒక్క త్రొక్కున బండి లేపుట ఆమెకిప్పుడు వచ్చును. నా వృత్తియందు నేనెరిగినదానిలో ముఖ్యమైన భాగము ఆమెకు చేరినదని నాకు సంతృప్తిగా నున్నది; అట్టి సంతృప్తి మీ ఇండ్లలో పెద్దలకును కలుగవలెనని కోరుచున్నాను.